ఎస్‌జీపీటీ నార్మల్ అని వచ్చినంత మాత్రాన...

 

మదర్సాలో పాఠాలు చెప్పేవారి వద్దకు జనం పాఠాల కోసమే రారు. పెళ్లి సంబంధాల వివరాలు, వారసత్వ పంపకాల లెక్కలు, కోర్టు నోటీసులు, చివరకు ఆసుపత్రి రిపోర్టులు కూడా పట్టుకొని వస్తారు. "మౌలానా సాబ్, ఇందులో ఏముందో కాస్త చూసి చెప్పండి" అంటారు. మేము వైద్యులం కాము. అరబీ వ్యాకరణం, ఫిఖ్‌హ్ బోధించడమే మా పని. అయినా అడిగినవారిని ఉత్త చేతులతో పంపలేక ఏదో ఒకటి చెబుతూ వచ్చాం. అలా తెలిసీ తెలియక చెప్పిన మాట వల్ల ఒక కుటుంబానికి మేము కలిగించిన నష్టం గురించీ, ఆ తర్వాత మేము నేర్చుకున్న సంగతుల గురించీ ఈ నెల వ్రాస్తున్నాం.

మా మదర్సాలో హిఫ్జ్ తరగతి చూసే హాఫిజ్ సాబ్ ఒకరు ఉన్నారు. వయస్సు నలభై అయిదు దాటింది. రెండేళ్ల క్రితం ఆయనకు సాయంత్రమయ్యేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. అసర్ నమాజు తర్వాత పిల్లల పాఠం వింటూనే కునుకు తీసేవారు. దగ్గరలోని ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించుకొని కాగితం మా ముందు పెట్టారు. కళ్లద్దాలు సరిచేసుకొని చూశాం. ఎస్‌జీపీటీ 34. పక్కన వ్రాసిన హద్దు 40. "మాషా అల్లాహ్, మీ లివర్ బాగుంది హాఫిజ్ సాబ్" అన్నాం. అదే కాగితంలో కింద ఆల్బుమిన్ 2.6 అని ఉంది. అది ఉండవలసిన దానికన్నా తక్కువ అన్న గుర్తు కూడా ఉంది. అదీ మా కంటపడింది. "తిండి సరిగా తినడం లేదు, అందుకే తగ్గింది" అని తేల్చివేశాం. ఆయన మా మాట నమ్మి నాలుగు నెలలు ఊరుకున్నారు. తర్వాత పొట్ట ఉబ్బి, ఊపిరి ఆడక ఆసుపత్రికి వెళితే స్కానింగ్‌లో సిర్రోసిస్ అని తేలింది. పొట్టలో నీరు చేరి ఉంది.

"ఎస్‌జీపీటీ బాగానే ఉంది కదా, డాక్టర్ సాబ్!" అని అడిగాం. ఆ వైద్యుడు విసుక్కోలేదు. కాగితం తిప్పి, వెనుక గీతలు గీసి, అరగంట సేపు ఓపికగా వివరించారు. ఒక ఉస్తాదు మరో ఉస్తాదు ముందు శిష్యుడిలా కూర్చోవడం ఆ రోజు మాకు మేలు చేసింది.

కాలేయం కుడి పక్క పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవారిలో ఇంచుమించు కిలోన్నర బరువు. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా దీని గుండానే ప్రవహిస్తుంది. అది చేసే పనులు ఎన్నో ఉన్నా, మనం ఇక్కడ ఒక్కదానినే తీసుకుందాం. అది మాంసకృత్తుల తయారీ. రక్తంలోని కణాలను వేరు చేస్తే లేత పసుపు రంగు ద్రవం మిగులుతుంది. దానిని ప్లాస్మా అంటారు. అందులోని మాంసకృత్తులలో అధికభాగం కాలేయం తయారు చేసినవే.

వాటిలో పెద్దది ఆల్బుమిన్. ఆరోగ్యవంతమైన కాలేయం రోజుకు ఇంచుమించు 10 నుంచి 15 గ్రాముల ఆల్బుమిన్ తయారు చేస్తుంది. శరీరంలో మరే అవయవమూ ఈ పని చేయదు. రక్తంలోని నీటిని రక్తనాళాల లోపలే పట్టి ఉంచడం దాని ముఖ్యమైన బాధ్యత. ఆల్బుమిన్ తగ్గితే నీరు నాళాల గోడల నుంచి బయటికి ఊరి, పాదాలలో, పొట్టలో చేరుతుంది. ఇది కాక బిలిరుబిన్‌ను, కొవ్వు ఆమ్లాలను, అనేక మందులను మోసుకుపోయే వాహనం కూడా ఇదే. అందువల్ల ఆల్బుమిన్ తగ్గినవారిలో కొన్ని మందులు మామూలు మోతాదులోనే ఎక్కువగా పనిచేసే ప్రమాదం ఉన్నది.

రెండవ వర్గం రక్తాన్ని గడ్డకట్టించే మాంసకృత్తులు. ఫైబ్రినోజెన్, ప్రోథ్రాంబిన్ మొదలైన వాటిని కాలేయమే తయారు చేస్తుంది. ఆశ్చర్యమేమిటంటే, రక్తం అతిగా గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్‌లు కూడా అక్కడి నుంచే వస్తాయి. కళ్లెమూ, కొరడా రెండూ ఒకే చేతిలో ఉంచాడు సృష్టికర్త. కాలేయం దెబ్బతింటే రెండూ సడలుతాయి. అందుకే సిర్రోసిస్ రోగికి రక్తస్రావం ముప్పు ఎంత నిజమో, రక్తనాళాలలో గడ్డలు ఏర్పడే ముప్పు కూడా అంతే నిజం.

ఇక సిర్రోసిస్ అంటే ఏమిటి? ఏళ్ల తరబడి ఏదో ఒక కారణంగా కాలేయం గాయపడుతూ, మానుతూ, మళ్లీ గాయపడుతూ ఉంటే, ఆరోగ్యవంతమైన కణజాలం స్థానంలో మచ్చలు, ముడులు ఏర్పడి అది గట్టిపడుతుంది. ఈ పేరు పెట్టినవాడు స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్, 1819లో. రోగి కాలేయం కనబడిన పసుపు గోధుమ రంగును బట్టి గ్రీకు పదం నుంచి దానిని తీసుకొన్నాడు. కాలేయం గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. ఒక వైపు ఒత్తిడి, మరో వైపు ఆల్బుమిన్ కొరత, వాటికి తోడు మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచడం, ఇవన్నీ కలిసి జలోదరానికి దారి తీస్తాయి.

మేము చేసిన మొదటి పొరపాటు ఇప్పుడు చూద్దాం. లివర్ ఫంక్షన్ టెస్ట్ అన్న పేరులో పనితీరు అనే మాట ఉన్నప్పటికీ, అందులోని అన్ని అంకెలూ పనితీరును చెప్పవు. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి కాలేయ కణాల లోపల ఉండే పదార్థాలు. కణాలు దెబ్బతిన్నప్పుడు అవి రక్తంలోకి కారతాయి. అంటే అవి గాయానికి గుర్తులు, పనికి గుర్తులు కావు. రొట్టెల భట్టీ నుంచి వచ్చే పొగను చూసి ఆ రోజు ఎన్ని రొట్టెలు తయారయ్యాయో చెప్పగలమా? సిర్రోసిస్ ముదిరిన కాలేయంలో దెబ్బతినడానికి మిగిలిన కణాలే తక్కువ. పొగ తక్కువగా ఉంటుంది. చూసేవాడు భట్టీ చక్కగా నడుస్తున్నదని అనుకుంటాడు. మేమూ అదే అనుకున్నాం.

రొట్టెలను లెక్కపెట్టే పరీక్షలు వేరు. ఒకటి ఆల్బుమిన్. ల్యాబ్‌ను బట్టి కొద్ది తేడాలున్నా, డెసీలీటరు రక్తద్రవానికి 3.5 నుంచి 5 గ్రాముల వరకు ఉండవలసినది. రెండవది ప్రోథ్రాంబిన్ టైమ్, దాని నుంచి లెక్కకట్టే ఐఎన్ఆర్. పరీక్షనాళికలో రక్తద్రవం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని అది చెబుతుంది. ఐఎన్ఆర్ మామూలుగా 1కి దగ్గరగా ఉంటుంది. రక్తం పలుచబరచే మందులు వాడనివారిలో అది పెరిగితే కారణం వెదకవలసిందే. మూడవది బిలిరుబిన్. అది మాంసకృత్తి కాదు. పాత ఎర్రకణాల నుంచి వచ్చే ఆ పసుపు పదార్థాన్ని కాలేయం ఎంత మేరకు బయటికి పంపగలుగుతున్నదో అది తెలుపుతుంది.

ఈ మొదటి రెండు పరీక్షల మధ్య ఒక తేడా ఉన్నది. రక్తంలోకి చేరిన ఆల్బుమిన్‌లో సగం తరగడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. కాబట్టి కాలేయం నిన్న హఠాత్తుగా దెబ్బతిన్నా ఈ రోజు ఆల్బుమిన్ మామూలుగానే కనబడవచ్చు. అది పాత కథను చెబుతుంది. గడ్డకట్టించే మాంసకృత్తులలో ఏడవ కారకం సగం కొన్ని గంటలలోనే తరిగిపోతుంది. అందువల్ల ప్రోథ్రాంబిన్ టైమ్ ఈనాటి వార్తను చెబుతుంది. ఆసుపత్రిలో ఐఎన్ఆర్ పరీక్షను మాటిమాటికీ ఎందుకు చేస్తున్నారని విసుక్కునే బంధువులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే ఏ అంకెనూ ఒంటరిగా చూసి తీర్పు ఇవ్వరాదు. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పే ఖాజీ ఉండడు కదా! మూత్రపిండాల జబ్బులో ఆల్బుమిన్ మూత్రంలో పోవచ్చు. పేగుల గుండా పోవచ్చు. దీర్ఘకాలపు వాపులు, ఇన్ఫెక్షన్లు, పోషకాహార లోపం కూడా దానిని తగ్గిస్తాయి. అలాగే పైత్యరసం దారి మూసుకుపోతే విటమిన్ కె శరీరానికి అందక ఐఎన్ఆర్ పెరుగుతుంది. విటమిన్ కె సూది వేశాక అది సరి అయితే లోపం విటమిన్‌ది. సరి కాకపోతే అనుమానం కాలేయం వైపు మళ్లుతుంది. రిపోర్టులో గ్లోబ్యులిన్ అనే వరుస కూడా ఉంటుంది. అందులోని రోగనిరోధక మాంసకృత్తులను కాలేయం తయారు చేయదు. సిర్రోసిస్‌లో ఆల్బుమిన్ తగ్గి గ్లోబ్యులిన్ పెరగడం వల్ల, మొత్తం ప్రోటీన్ అంకె మామూలుగానే కనబడి మోసం చేయవచ్చు. ప్లీహం పెరగడం వల్ల ప్లేట్‌లెట్లు తగ్గడం మరో సూచన. హాఫిజ్ సాబ్ పాత కాగితాలు తీసి చూస్తే, ప్లేట్‌లెట్లు మూడేళ్లుగా మెల్లగా తగ్గుతూనే ఉన్నాయి.

వైద్యులు ఈ సాక్ష్యాలన్నింటినీ కలిపి లెక్క కడతారు. చైల్డ్–ప్యూ అనే పద్ధతిలో బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, పొట్టలో నీరు, మెదడుపై ప్రభావం అనే అయిదింటికి ఒకటి నుంచి మూడు వరకు మార్కులు వేస్తారు. ఇక్కడ మార్కులు తక్కువ వచ్చినవాడే నెగ్గినవాడు. 5 లేదా 6 వస్తే ఎ తరగతి, 7 నుంచి 9 వరకు బి, 10 నుంచి 15 వరకు సి. హాఫిజ్ సాబ్‌కు ఆ రోజు 9 వచ్చాయి. మెల్డ్ అనే మరో లెక్క ఉంది. అది మొదట బిలిరుబిన్, ఐఎన్ఆర్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్‌లతో ఏర్పడింది. ఎవరికి కాలేయ మార్పిడి ముందు అవసరమో నిర్ణయించడానికి అమెరికాలో 2002 నుంచి దానిని వాడుతున్నారు. తర్వాత దానికి సోడియం, ఇటీవలి రూపంలో ఆల్బుమిన్ కూడా చేరాయి.

మా రెండవ పొరపాటు ఇంతకన్నా పెద్దది. జబ్బు తెలిసిన తర్వాత ఆయన ఇల్లాలు తన కొడుకును మా వద్దకు పంపి, "ఏమి పెట్టమంటారు?" అని అడిగించారు. "మాంసం, గుడ్లు, పప్పు మానిపించు బేటా. లివర్‌కు బరువు. గంజి, జావ చాలు" అన్నాం. ఇది మేము కల్పించినది కాదు, చిన్ననాటి నుంచి విన్న మాటే. ఒకప్పుడు వైద్యులు సైతం మాంసకృత్తులు తగ్గించమనేవారు. వాటి నుంచి పుట్టే అమ్మోనియా మెదడుకు చేరి మత్తు కలిగిస్తుందన్న భయం దానికి కారణం. నేటి వైద్యశాస్త్రం ఆ సలహాను విడిచిపెట్టింది. అమ్మోనియాను శుభ్రపరచే పనిలో కండరాలు కూడా కాలేయానికి తోడ్పడతాయి. తిండి తగ్గిస్తే కండ కరుగుతుంది, ఆ తోడు కూడా పోతుంది. నేడు సిర్రోసిస్ రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటున్నారు. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 90 గ్రాములు. మేము చెప్పిన గంజితో రెండు నెలలలో హాఫిజ్ సాబ్ భుజాల ఎముకలు బయటపడ్డాయి. చెల్లెమ్మ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఇప్పటికీ బరువుగా ఉంది.

పప్పులు, పాలు, పెరుగు, పనీర్, గుడ్లు, చేపలు, కోడిమాంసం, ఇవన్నీ వైద్యుడు, ఆహార నిపుణుల సలహా మేరకు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. పొట్టలో నీరున్నవారికి తగ్గించవలసినది ఉప్పు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు, బేకరీ తినుబండారాలు వారికి తగవు. ఇంకొక మాట. గుడ్డు తెల్లసొన తింటే అది నేరుగా రక్తంలో ఆల్బుమిన్‌గా మారదు. జీర్ణమై విడిపోయిన ముక్కలను తీసుకొని కాలేయమే కొత్తగా కూర్చవలసి ఉంటుంది. తిండి ముడిసరుకు మాత్రమే. అయినా ముడిసరుకు లేకుండా మిగిలిన పనివారు కూడా ఏమి చేయగలరు?

ఆల్బుమిన్ సీసాల గురించీ చెప్పాలి. అవి మానవ రక్తం నుంచి వేరుచేసిన ఖరీదైన మందు. పొట్టలో నుంచి 5 లీటర్లకు మించి నీరు తీసినప్పుడు, పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు, మూత్రపిండాలు దెబ్బతింటున్నప్పుడు వాటి ఉపయోగం నిరూపితమైనది. అయితే కాగితం మీద అంకె పెంచడమే లక్ష్యంగా ఆసుపత్రిలో రోజూ ఎక్కించడం వల్ల లాభం కనబడలేదని 2021లో వెలువడిన అటైర్ అనే బ్రిటిష్ అధ్యయనం తేల్చింది. నగలు తాకట్టు పెట్టి సీసాలు కొనే ముందు, "ఇది ఏ అవసరానికి ఇస్తున్నారు?" అని వైద్యుడిని మర్యాదగా అడగడం తప్పు కాదు.

రమజాన్ వచ్చింది. హాఫిజ్ సాబ్ ఉపవాసం ఉంటానని పట్టుబట్టారు. "ఇరవై అయిదేళ్లుగా తరావీహ్ చదివించినవాణ్ణి, రోజా లేకుండా మిహ్రాబ్‌లో ఎలా నిలబడను?" అన్నారు. ఈసారి మేము తెలిసిన విషయమే చెప్పాం. సిర్రోసిస్ కాలేయంలో శక్తి నిల్వలు తక్కువ. ఒక్క రాత్రి పస్తు ఆయనకు ఆరోగ్యవంతుడి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. అందుకే వైద్యులు పడుకునే ముందు కూడా కొంత ఆహారం తీసుకోమంటారు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఇచ్చింది సాక్షాత్తు దివ్య ఖుర్ఆనే. కోలుకునే ఆశ లేని దీర్ఘరోగి ఫిద్‌యా చెల్లిస్తాడు. ప్రభువు ఇచ్చిన సడలింపును తోసివేయడం భక్తి అనిపించుకోదు. ఆయన చాలాసేపు తల వంచుకొని, "ఈ మాట నేనే ఎందరికో చెప్పాను" అన్నారు. జబ్బు తొలిదశలో ఉన్నవారు సైతం తమ వైద్యుడిని అడగకుండా ఉపవాసానికి పూనుకోరాదు.

ఇక మూడవ తప్పు మా ఒక్కరిది కాదు, మొహల్లా అంతటిది. సిర్రోసిస్ అనగానే, "చాటుగా తాగేవాడేమో" అని గుసగుసలు బయలుదేరాయి. పిల్లలను హిఫ్జ్ తరగతి నుంచి మాన్పిస్తామని ఇద్దరు తండ్రులు వచ్చారు. మద్యం ఒక కారణం, నిజమే. కానీ హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మధుమేహం, ఊబకాయంతో వచ్చే ఫ్యాటీ లివర్, ఇంకా ఇతర వ్యాధులు కూడా ఇదే స్థితికి తీసుకువస్తాయి. హాఫిజ్ సాబ్‌కు ఉన్నది హెపటైటిస్ బి. బహుశా పుట్టిననాడే తల్లి నుంచి సోకి ఉంటుందని వైద్యుడు అన్నారు. ఆయన తల్లి కూడా పొట్ట ఉబ్బే చనిపోయారు. ఆ నిర్దోషిపై వేసిన నింద ఎవరి ఖాతాలో వ్రాయబడిందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. ఆ తండ్రులకు ఈ విషయం చెప్పడానికి ముందు హాఫిజ్ సాబ్ అనుమతి తీసుకున్నాం. ఒకరు క్షమాపణ కోరారు. మరొకరు పిల్లవాణ్ణి తీసుకుపోయారు. కలిసి భోంచేయడం వల్ల, కరచాలనం వల్ల, ఒకే హౌజులో వుజూ చేయడం వల్ల ఈ వైరస్ సోకదు.

దీనికి టీకా ఉన్నది. మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దేశీయ హెపటైటిస్ బి టీకాను తెచ్చి, అప్పటివరకు సామాన్యుడికి అందని దానిని అందుబాటు ధరకు దించింది. నేడు ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇది ఉచితం. పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు పడాలి. అఖీఖా ఏర్పాట్ల హడావిడిలో దీనిని మరువకండి. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావారందరూ పరీక్ష చేయించుకోవాలి. హాఫిజ్ సాబ్ ఇంట్లో పెద్ద కుమారుడికి వైరస్ ఉన్నదని తెలిసింది. కాలేయం ఇంకా చెక్కుచెదరలేదు. ఇప్పుడు క్రమం తప్పక వైద్యుల పర్యవేక్షణలో ఉన్నాడు. హెపటైటిస్ సి అయితే మాత్రలతో అత్యధికులలో కొద్ది నెలలలోనే నయమవుతున్నది.

మరికొన్ని జాగ్రత్తలు. కామెర్లకని పసరు మందులు మింగించడం, చేతిపై వాతలు పెట్టించడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. కొన్ని పసర్లు మిగిలిన కాలేయాన్ని కూడా దెబ్బతీస్తాయి. ఒళ్లునొప్పుల మాత్రలు దుకాణంలో అడిగి కొనరాదు, అవి సిర్రోసిస్ రోగి మూత్రపిండాలను పాడు చేయగలవు. రక్తం కక్కుకోవడం, తారులా నల్లని విరేచనం, పగలు నిద్ర రాత్రి మెలకువ, మాట తడబడటం, చేతివ్రాత మారడం, జ్వరంతో పొట్టనొప్పి కనబడితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఏమీ లేకపోయినా ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించాలి, కాలేయ క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకోవడానికి.

హాఫిజ్ సాబ్ వైరస్‌ను అణచే మాత్ర రోజూ వేసుకుంటున్నారు. చెల్లెమ్మ గంజి మాన్పించి, డాక్టరు వ్రాసిచ్చిన పట్టిక గోడకు అంటించి పెడుతున్నారు. ఏడాది తర్వాత మొన్న వచ్చిన రిపోర్టులో ఆల్బుమిన్ 3.3. ఐఎన్ఆర్ తగ్గింది. పొట్టలో నీరు మందులతో అదుపులో ఉంది. మచ్చలు పోలేదు, జబ్బు పోలేదు. కానీ మిగిలిన కణాలు మళ్లీ పని అందుకున్నాయి. పొద్దుటిపూట ఆయన తరగతి నడుస్తున్నది. ఆ ఒక్క పిల్లవాడి చోటు మాత్రం ఖాళీగానే ఉంది.

ఇప్పటికీ జనం మా వద్దకు రిపోర్టులు తెస్తూనే ఉన్నారు. మేము వాటిని తిరిగి మడతపెట్టి, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, బిలిరుబిన్, ప్లేట్‌లెట్లు అని నాలుగు మాటలు ఒక చీటీపై వ్రాసి ఇస్తున్నాం. "వీటి సంగతి ఏమిటో డాక్టరు గారిని అడగండి. పాత కాగితాలు కూడా పట్టుకెళ్లండి" అని చెబుతున్నాం. తెలియని దానిని తెలిసినవారిని అడగడం మేము పిల్లలకు చెప్పే మొదటి పాఠం. మాకు అది వంటబట్టడానికి యాభై ఏళ్లు దాటాయి.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.